పేరు రాయనివ్వని మేడం

"మామూలుగా వద్దమ్మా. నిన్నటి సంగతి చెప్పు."

మొన్న క్లాసులో ఈ మాట నా నోట్లోంచి ఊడిపడింది. ఎం.ఏ. చదివే అమ్మాయి ఒకతె బాపట్ల మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ళతో మాట్లాడి వచ్చి, రాసుకున్నది చదువుతోంది. "మామూలుగా వీళ్ళు నాలుగింటికే లేస్తారు మేడం. మామూలుగా మధ్యాహ్నం దాకా ఏమీ తినరు. మామూలుగా..." అంటుంటే అడ్డం వెళ్ళాను. అడ్డం వెళ్ళింది నేనే గాని ఆ గొంతు నాది కాదు. 'నిన్న' మీద ఆ ఒత్తు, అంటూనే మధ్యవేలితో బల్ల మీద కొట్టడం, కొట్టి వెంటనే లేచి నిలబడటం, అన్నీ మా మేడంవి. ఆవిడ పోయి ఏడు నెలలైంది. పోయిన రోజున నాకు ఏడుపు రాలేదు. మొన్న మాత్రం పిల్లలందరి ముందూ ఏడుపొచ్చేసి, మంచినీళ్ళు తాగొస్తానని బయటికి వచ్చేశాను.

అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. పొయ్యి మీద పప్పు పెట్టి మర్చిపోతున్నాను, వెళ్ళాల్సిన వీధి దాటి పోతున్నాను. ఇంట్లోవాళ్ళు ఏమైందంటే ఏమీ లేదంటున్నాను. రాసేస్తే పోతుందేమోనని ఇది మొదలుపెట్టాను.

ఆవిడ పేరు రాయను. రాయొచ్చా అని బతికుండగా అడగలేదు. అడక్కుండా రాస్తే ఊరుకునే మనిషి కాదు.

బాపట్లలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, తెనాలిలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవారు. నేను ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్.డి. చేస్తున్న రోజులవి. కాగితాల మీద మా గైడు యూనివర్సిటీలో ఉన్న పెద్దాయన. నేను అడిగినప్పుడల్లా ఆయన సంతకం పెట్టేవారు, అడగనప్పుడు గుర్తుపట్టేవారు కాదు. నాకు పని నేర్పింది ఈవిడ. సిలబస్‌లో దాన్ని గుణాత్మక పరిశోధనా పద్ధతులు అంటారు. ఆవిడ మాత్రం "వినడం" అనేవారు, అంతే.

మొదటిరోజు వెళ్ళినప్పుడు అరవై నాలుగు ప్రశ్నలు టైపు చేయించి తీసుకెళ్ళాను. రేపల్లె వైపు రొయ్యల షెడ్డుల్లో పొట్టు వలిచే ఆడవాళ్ళ మీద నా పరిశోధన. ఆవిడ ఆ కాగితాలు పట్టుకుని, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ చదివారు. చదివి, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బీరువా కాలు కింద దోపారు. బీరువాని ఒకసారి తోసి చూసి, "కుదిరింది" అన్నారు.

నా మొహం ఎలా పెట్టుకున్నానో గాని, కొంచెం మెత్తబడి, "ఒక్క ప్రశ్న పట్టుకెళ్ళమ్మాయ్. మిగతావి వాళ్ళే ఇస్తారు. నువ్వు అరవై నాలుగు పట్టుకెళ్తే వాళ్ళకి పెట్టడానికి చోటేదీ?" అన్నారు.

ఇంట్లో ఆవిడ కూర్చోగా నేను చూసింది తక్కువ. కాఫీ కలిపి కిటికీలో పెట్టి మర్చిపోయేవారు. మాట సగంలో వదిలేసి వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో మాట మొదలుపెట్టేవారు. కళ్ళజోడు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవారు. రేపల్లె ప్యాసింజరుకి వెళ్దామంటే గంట ముందే తెనాలి స్టేషన్‌కొచ్చి, ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ ఉండేవారు. బెంచీ మీద కూర్చున్న నన్ను దాటిపోయినప్పుడల్లా ఒక ప్రశ్న విసిరి, జవాబు తిరిగొచ్చేటప్పుడు వినేవారు. ఆవిడతో పాటు నడవలేక, కూర్చోనూ లేక నాకు చిరాకేసేది.

అదే మనిషి రేపల్లెలో ఎవరి గుమ్మం ముందైనా చతికిలబడితే మేకు కొట్టినట్టు ఉండిపోయేవారు. ఈగ వాలినా తోలుకునేవారు కాదు. ఎదుటి మనిషి చెప్పడం ఆపితే, ఇంకో ప్రశ్న వెయ్యకుండా మనసులో పది లెక్కపెట్టాలని ఆవిడ రూలు. పది లోపల వాళ్ళే మళ్ళీ మొదలుపెడతారు, అప్పుడు వచ్చేదే అసలు మాట అనేవారు. నాకది చచ్చినా చేతయ్యేది కాదు. మూడు, నాలుగు దగ్గరికి వచ్చేసరికి నోరు దురద పెట్టేది. "అంటే మీకు బాధనిపించిందా అండి?" అని ఏదో ఒకటి అందించేసేదాన్ని. మేడం నా మోకాలి మీద గిచ్చేవారు. ఆ నాలుగేళ్ళూ నా కుడి మోకాలు కమిలే ఉంది. ఇంటికొస్తూ రైల్లో, "ఆవిడ నోటికి నువ్వెందుకు మాట అందిస్తావ్? ఆవిడకి లేదా నోరు?" అని తిట్టేవారు. తిడుతూ జామకాయ కోసి పెట్టేవారు. వేమూరు వచ్చేసరికి తిట్లూ జామకాయా రెండూ అయిపోయేవి.

విన్నదంతా కాగితం మీదికి ఎక్కించాక అసలు తంతు మొదలయ్యేది. ఆవిడ కంప్యూటరుకి ఒప్పుకునేవారు కాదు. రాసినదాన్ని కత్తెరతో ఒక్కో మాట ఒక్కో చీటీగా కత్తిరించి చాప మీద పరచాలి. ఏ మాట పక్కన ఏ మాట చేరుతుందో చూసి, చేరినవాటిని ఒక స్టీలు పళ్ళెంలో వెయ్యాలి. చీటీలు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేసేవాళ్ళం. మే నెల, పైన ఎండకి కాగిన డాబా, ఫ్యాను లేదు. చెమట చుక్క చీటీ మీద పడితే, "ఆవిడ మాట చెరిపేస్తావా?" అని కేకలేసేవారు.

ఓసారి నన్ను తీసుకెళ్ళడానికి మా ఆయన వచ్చాడు. మేడం సంబరపడి పెసరట్టు వేశారు. తీరా పెట్టబోతే ఇంట్లో ఖాళీ పళ్ళెం లేదు.

"ఆ చివర్ది తియ్యమ్మాయ్" అన్నారు. నేను తియ్యబోయాను. "అది కాదు, అందులో భయముంది. పక్కది."

పక్కదాంట్లో నడుంనొప్పి ఉంది. దాని పక్కదాంట్లో సూపర్వైజరు తిట్లున్నాయి. మా ఆయన చివరికి గిన్నె మూతలో పెసరట్టు తిన్నాడు. దార్లో, "మీ మేడంకి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

తెల్లారి వెళ్తే చీటీలన్నీ మారిపోయి ఉండేవి. నిన్న భయం పళ్ళెంలో పెట్టినవి ఇవాళ కోపం పళ్ళెంలో ఉండేవి. నాకు ఒళ్ళు మండేది. "అయిపోయింది కదా మేడం" అంటే, "అయిపోయిందని నీకనిపిస్తోందా? అయితే మళ్ళీ చూడాల్సిందే" అనేవారు. ఏం చెప్పినా చివర "ఇంకా?" అనేవారు. ఆ "ఇంకా"కి ఏ జవాబూ చాలేది కాదు.

అన్నిటికన్నా పిచ్చి ఆవిడకి పేర్ల విషయంలో. చెప్పిన మనిషి పేరు నోటుబుక్కులో రాయకూడదు. ఒక అంకె వేసుకోవాలి. కాగితం మీదికి ఎక్కించాక రికార్డింగు చెరిపెయ్యాలి. ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు కూడా ఆవిడ, "ఏడో ఆవిడకి జ్వరం తగ్గిందా?" అని అడిగేవారు. నాకు నవ్వొచ్చేది. భట్టిప్రోలు దాటాక రైలు ఎందుకో ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, నవ్వుతూనే కారణం అడిగాను.

ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెప్పారు. వయసులో ఉన్నప్పుడు చీరాల నేతపని మీద ఒక రిపోర్టు రాశారట. ఒక ఆవిడ షావుకారు గురించి చెప్పిన మాటలు అందులో పెట్టారు. పేరు మార్చారు. కాని ఎడమచేతి బొటనవేలు లేకుండానే ఎంత చక్కగా నేసేదో కూడా మురిసిపోయి రాశారు. చీరాలలో అలాంటి నేతమనిషి ఒక్కతే. షావుకారు ఆ ఇంటికి పడుగూ నూలూ ఇవ్వడం మానేశాడు. మగ్గం ఆగిపోయింది.

"పేరు మార్చాను గాని వేలు మార్చలేదమ్మాయ్" అన్నారు. తర్వాత వెళ్ళి కలిశారా అని అడిగాను. "వెళ్ళాను. తలుపు తియ్యలేదు" అన్నారు. ఆ తర్వాత నేను మళ్ళీ నవ్వలేదు.

ఇక సామ్రాజ్యం సంగతి. ఇది అసలు పేరే, రాయమని ఆవిడే చెప్పింది.

మా నోటుబుక్కులో పదకొండో అంకె ఆవిడది. రేపల్లె దగ్గర ఒక షెడ్డులో పొట్టు వలిచేది. నలభై అయిదేళ్ళుంటాయి. ఐసు నీళ్ళలో నాని వేళ్ళు ఉబ్బిపోయి ఉండేవి. మాట మాత్రం చురుగ్గా ఉండేది. ఆవిడ దగ్గర పది లెక్కపెట్టే పనే ఉండేది కాదు. ఒకరోజు మేము వెళ్ళేసరికి గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తోంది.

"రాండి రాండి. ఇయ్యాల మీకు మంచి కబురు చెప్తానండి" అంది.

ఆ షెడ్డులో ఆడవాళ్ళ బాత్రూముకి తాళం వేసి, తాళంచెవి సూపర్వైజరు జేబులో ఉంచుకునేవాడు. పూటకి ఒక్కసారి అడిగితే ఇస్తాడు, రెండోసారి ఇవ్వడు. పని ఆగిపోతుందని. అంతకు నాలుగు రోజుల ముందు ఒక పిల్ల ఒంట్లో బాగోక రెండోసారి అడిగితే లేదు పొమ్మన్నాడు. ఆ పిల్ల బట్టలు పాడై అక్కడే నిలబడి ఏడ్చింది. సామ్రాజ్యం చేతిలోని ట్రే కింద పెట్టేసి, తడి నేల మీదే కూర్చుంది. ఆవిణ్ణి చూసి పక్కామె, ఆమెని చూసి ఇంకొకామె. నలభై మంది కూర్చున్నారు.

"ఒక్కరం నోరెత్తలేదండి. రొయ్య ముట్టుకోలేదు. ఐసు కరిగిపోతా ఉంది, ఆడు అరిచి అరిచి ఊరుకున్నాడు. ఎంతసేపని చూస్తా కూచుంటాడండి? తాళం తీసి చెవి మేకుకి తగిలించాడు. ఇప్పటిదాకా అట్టాగే ఉంది చెవి. ఇది మీ బుక్కులో రాయాలండి, ఆఁ! నా పేరు పెట్టి రాయాలి. సామ్రాజ్యం కూచుంది అని."

మేడం నవ్వారు. "రాస్తాంలే" అన్నారు. నేను రికార్డరు ఆపాను. ఆ రోజు రైల్లో మేడం నన్ను తిట్టలేదు, ప్లాట్‌ఫారం మీద నడవనూ లేదు.

థీసిస్‌లో నాకు బాగా వచ్చిన పేజీలు ఆ సంగతి రాసిన నాలుగే. పేరు మార్చి రాసుకుని చాలా పొంగిపోయాను. మేడం చదివి, తిరుగుతూ తిరుగుతూ ఆగి, "ఇవి తీసెయ్" అన్నారు. పేరు మార్చాను కదా అన్నాను. "ఆ చుట్టుపక్కల అలా కూర్చున్నది ఒక్క షెడ్డులో. కూర్చోబెట్టింది ఒక్క మనిషి. రేపు ఈ పుస్తకం ఎవడి చేతిలో పడినా వేలు పెట్టి చూపిస్తాడు. ఆవిడ ఇంకా అక్కడే పని చేస్తోంది. తీసెయ్" అన్నారు. నేను రెండు రోజులు అలిగాను. అలిగింది నా పేజీల కోసం. సామ్రాజ్యం ఏమంటుందో అని నాకు తోచలేదు. తీసేశాను. రికార్డింగు అప్పటికే చెరిపేశాను. డిగ్రీ వచ్చింది. మేడం నా నోట్లో మైసూరుపాకు పెట్టారు.

రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున్న సామ్రాజ్యం తెనాలి వచ్చింది. ఎవరినో పట్టుకుని అడ్రసు కనుక్కుని మేడం ఇంటికి వస్తే, ఆవిడ నాకు ఫోను చేసి పిలిపించారు. నేను వెళ్ళేసరికి సామ్రాజ్యం చాప మీద కూర్చుని ఉంది. మేడం వంటింటికీ గదికీ మధ్య తిరుగుతున్నారు.

షెడ్డుకి కొత్త సూపర్వైజరు వచ్చి మళ్ళీ తాళం వేశాడట. మళ్ళీ అడిగినందుకు తనతో సహా ఏడుగుర్ని రేపట్నుంచి రావద్దన్నాడు. వీళ్ళు బాపట్లలో లేబర్ ఆఫీసుకి వెళ్ళారు. షెడ్డువాళ్ళు అసలు బాత్రూముకి తాళమన్నదే ఏనాడూ లేదన్నారు. లోపల పని చేస్తున్నవాళ్ళెవరూ భయపడి నోరు విప్పలేదు. ఇప్పుడు పని పోయిన అక్కసుతో కట్టిన కథ అనుకుంటారు గదా అని ఆఫీసరు అన్నాడట.

"నేనన్నానండి, ఇది ఇప్పటి మాట కాదు సార్, మూడు నాలుగేళ్ళనాడే ఇద్దరు మేడంగార్లు వచ్చి రాసుకెళ్ళారు, బుక్కులో ఉంది అని. అయితే పట్టుకురమ్మన్నాడు. అందుకని వచ్చానండి, బుక్కు కోసం." చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏ పేజీలో ఉందో చీటీ పెట్టి ఇవ్వండి."

మేడం తిరగడం ఆపేశారు. ఆవిడ చెప్తారేమోనని నేను, నేను చెప్తానేమోనని ఆవిడ. చివరికి ఆవిడే సామ్రాజ్యం ఎదురుగా నేల మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పారు. తీసేశామని, నీ మంచికే తీసేయించానని. సామ్రాజ్యం అంతా వింది.

"అన్నీ అడిగారు మేడంగారు. ఎప్పుడు పుట్టానో, మొగుడు కొట్టాడో లేదో, కడుపు నిండా తిన్నానో లేదో అన్నీ అడిగారు. ఇది తీసెయ్యొచ్చా అని మాత్రం అడగలేదేంటండి?"

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. మేడం లేచి, చీటీలు దాచిన ట్రంకుపెట్టె బయటికి లాగారు.

మధ్యాహ్నం దాకా ట్రంకుపెట్టె కింద పోసి వెతికాం. చీటీలు దొరికాయి. "చెవి మేకుకి తగిలించాడు" అన్న చీటీ కూడా దొరికింది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. పదకొండు అని ఉంది. మేము పడ్డ జాగ్రత్తలన్నీ అనుకున్నట్టే పనిచేశాయి.

మేడం ఆ చీటీలు ఒక కవర్లో పెట్టి, "సామ్రాజ్యం, నీ పేరు నేను ఆఫీసులో చెప్పొచ్చా?" అని అడిగారు.

"అందుకేగదండీ వచ్చింది" అంది.

మూడో రోజున ముగ్గురం బాపట్ల వెళ్ళాం. లేబర్ ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాదస్థుడు. మేడం కాలేజీ పేరు వినగానే లేచి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఏ ఊళ్ళో, ఏ గుమ్మంలో, ఎవరు ఏం చెప్పారో అంతా చెప్పారు. జీవితమంతా అంకెలు చెప్పిన మనిషి, సామ్రాజ్యం ఇంటిపేరుతో సహా చెప్పారు.

"మీరు ఆ తాళం చూశారా అండి?" అని అడిగాడు ఆఫీసరు.

చూశానంటే ఎంత బాగుండును! ఒక్క మాట. ఎవరూ కాదనేవారు కాదు. నేను లోపల్లోపల ఆవిణ్ణి బతిమాలాను.

"చూడలేదండి. విన్నాను" అన్నారు.

"విన్నమాటకి బలం తక్కువండి. అయినా గొడవ రాకముందు విన్నారు కాబట్టి రాసుకుంటాను. ఒక్కరు కాకుండా ఇద్దరు విన్నారంటే ఇంకా నయం. ఆ రోజు మీతో ఇంకెవరైనా ఉన్నారా?"

"నా స్టూడెంటు ఉంది. పేరు తనే చెప్పాలి" అని మేడం ఊరుకున్నారు.

నేను ఆవిడ పక్కనే ఉన్నాను. నేను పనిచేసే ప్రైవేటు కాలేజీ యజమానికి ఆ షెడ్డు ఓనరు వియ్యంకుడు. నాది ఏటేటా కాగితం మార్చే ఉద్యోగం, ఆ ఏటి కాగితం ఇంకా చేతికి రాలేదు. మేడం నావైపు చూడలేదు, గిచ్చలేదు. ఎన్నడూ పది దాకా లెక్కపెట్టలేని నేను ఆ రోజు ఇరవై దాటినా నోరు తెరవలేదు. ఆఫీసరు మేడం చెప్పిందొక్కటే రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. సామ్రాజ్యం వాకిలి వైపు చూస్తూ కూర్చుంది.

తిరుగు రైల్లో తిట్టారేమో అనుకుంటారు. తిట్టలేదు. జామకాయలు కొనబోతే వద్దన్నారు. నిడుబ్రోలులో ఎవరో ఎక్కి చోటడిగితే జరిగి కూర్చున్నారు. ఇంటి దగ్గర దిగబెడుతుంటే, "నీ ఉద్యోగం నీకు అవసరమేనమ్మాయ్" అన్నారు. అందులో దెప్పు లేదు. ఉంటే బాగుండేది. నేను పోట్లాడి ఉందును.

ఆ తర్వాత కూడా వారానికోసారి వెళ్ళేదాన్ని. ఆవిడ రేపల్లె వెళ్ళి వస్తూనే ఉన్నారు, నన్ను రమ్మనకుండా. ఆ రోజు ఎందుకు నోరు తెరవలేదో చెప్పేద్దామనే ప్రతిసారీ వెళ్ళాను. పిల్లల చదువులూ వర్షాలూ మాట్లాడి వచ్చేదాన్ని. నా మాట అయిపోగానే ఆవిడ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని తిరుగుతూ, "ఇంకా?" అనేవారు. ఏమీ లేదనేదాన్ని. వానాకాలంలో అయిదు రోజుల జ్వరంతో పోయారు. శవం దగ్గర సామ్రాజ్యం ఏడ్చింది. నేను వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ తిరిగాను.

క్లాసులోంచి నేను బయటికి వచ్చేసిన మర్నాడు సామ్రాజ్యం ఫోను చేసింది.

"పెద్ద మేడంగారి పేరున కాగితమొచ్చిందంటండి, గురువారం ఎంక్వయిరీకి రమ్మని. అప్పుడు సంతకం పెట్టిన మాట తనదేనని ఆవిడ వచ్చి చెప్పాలంట. లేకపోతే అది పక్కన పెట్టేస్తారంట. మీకో మాట చెప్దామని చేశానంతేనండి. ఉంటాను మరి."

రమ్మని అడగలేదు. పెట్టేసింది. నేను ఫోను చేత్తో పట్టుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకి ఎంతసేపు తిరిగానో తెలీదు. మా ఆయన వచ్చి కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను. వెళ్తే ఏమవుతుందో చెప్పాను. "వెళ్ళకపోతే?" అన్నాడు.

గురువారం కాలేజీకి సెలవు పెట్టి బాపట్ల వెళ్ళాను. ఆఫీసు వరండాలో బెంచీ మీద ఏడుగురూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. అటు పక్క షెడ్డువాళ్ళ తరఫున ఫైళ్ళు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన్ని మా కాలేజీ వార్షికోత్సవంలో ముందు వరసలో చూశాను. ఆయనా నన్ను గుర్తుపట్టాడు. సామ్రాజ్యం లేచి, "మీరేంటండి, చిన్న మేడంగారు?" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళాను. ఉబ్బిన ఆ వేళ్ళు నా చేతిలో చల్లగా ఉన్నాయి, లేకపోతే నా చెయ్యే వేడిగా ఉందేమో.

ఆఫీసరు అతనే. మేడం పోయారని చెప్తే నిజంగానే బాధపడ్డాడు. సామ్రాజ్యం ఆ సంగతి చెప్పిన రోజు ఆవిడతో ఉన్న రెండో మనిషిని నేనే అని చెప్పాను. రికార్డరు పట్టుకున్నది నేను, చెరిపింది నేను, ఆ పేజీలు తీసేసింది నేను అన్నాను. ఫైళ్ళాయన మా వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఆఫీసరు కాగితం ముందుకు లాక్కుని, "పేరు చెప్పండి" అన్నాడు.

చెప్పాను.

"ఎక్కడ పనిచేస్తారు?"

అదీ చెప్పాను.